చాయ్ పోస్తే మాట చెల్లినట్టా?

ఏం బిడ్డా, మీ ఆఫీసుల నెలకోసారి అందరినీ ఒక్కకాడ కూసోబెట్టి "మీకేమన్న కష్టాలున్నయా, చెప్పున్రి" అని అడుగుతరట గద. టౌన్ హాల్ అంటరట దాన్ని. మొన్న నువ్వు ఫోన్ల మీ దోస్తుకు చెప్తుంటె విన్న. ముసలోనికి చెవులు వినపడయని అనుకుంటరు గని, అవసరమైన ముచ్చట మస్తుగ వినపడ్తది. "మా సార్లు అన్నీ మమ్ముల అడిగే చేస్తరు" అని మురుస్తున్నవు. మంచిదే. అడిగినంక ఏం చేసిన్రు అని నేనడిగితె మాత్రం ఫోన్ దిక్కు చూసినవు. గా చూపు నాకు ఎరికే. మా ఫ్యాక్టరీల శానామంది మొఖాల్ల చూసిన.

నీకు తొందరుంటదని తెలుసు. ఉన్నా నేను లెక్కజెయ్య. కూసో, మంటల ఇంకో కట్టె వెయ్యి. పనోళ్లను అడగాలె అని చట్టం వస్తె ఏమైంది, యూనియన్‌కు గుర్తింపు ఇయ్యాలె అన్న చట్టం రాకపోతె ఏమైంది, గా ముచ్చట చెప్త. నడుమ నిద్రొస్తె నిద్రపో, లేచినంక మళ్ల మొదటి నుంచి చెప్త.

నేను బాలానగర్ దిక్కు ఒక ఫ్యాక్టరీల ఫిట్టర్‌గ చేరిన. పేరెందుకులే, అండ్ల చేసినోళ్లు ఇంక శానామంది ఉన్నరు, వాళ్ల మనుమరాండ్లకు పెండ్లిళ్లు కావాలె. అప్పుడు బాలానగర్, సనత్‌నగర్, ఆజామాబాద్ దిక్కు పొద్దుగాల సైరన్ కూసిందంటె రోడ్డు నిండ సైకిళ్లే. సైకిల్‌కు డైనమో లైటు ఉన్నోడు షోకైనోడని లెక్క. హ్యాండిల్‌కు తగిలేసిన టిఫిన్ల జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు. ఇరానీ హోటల్ల చాయ్ పావలా. ఒకటి తెప్పిచ్చి ఇద్దరు సాసర్లల్ల పోసుకొని తాగేటోళ్లు. యూనియన్ చందా గూడ పావలానే! ట్రేడ్ యూనియన్ల చట్టంల నెలకు పావలాకు తక్కువ చందా ఉండొద్దని రాసి ఉండె. అందుకే మా యూనియన్ సెక్రెటరీ సక్కగ చాయ్ హోటల్ ముంగటనే నిలబడి రసీదు బుక్కు తీస్తుండె: "ఒక్క చాయ్ మానుకో తమ్మీ, నెలంత ఇజ్జత్‌తోని బతుకు" అని. కొందరు చాయ్ మానుకున్నరు. కొందరు ఆయననే చాయ్ తాగిపియ్యమన్నరు.

ఇజ్జత్ అంటె గుర్తొచ్చింది. గప్పుడు పెద్దసాబ్ గదిలకు పోవాల్నంటె ముందుగాల చప్రాసిని బతిమాలాలె. చెప్పులు బయట ఇడవాలె. చేతుల గ్రీజు పాయింటుకు తుడుచుకోవాలె. లోపల నిలబడి చెప్పాలె, నిలబడి వినాలె. కుర్చీలు ఉండె గని అవి సేట్లకు, ఇన్‌స్పెక్టర్లకు. సాబ్ కాయితాలకెళ్ళి తల ఎత్తకుండనే "హూఁ" అంటుండె. ఆ ఒక్క "హూఁ"కు బయటికొచ్చినంక మేం పది అర్థాలు చెప్పుకునేది. ఒకాయన "ఒప్పుకున్నడు" అంటడు, ఇంకొకాయన "పొమ్మన్నడు" అంటడు. మూడో ఆయన "సాబ్‌కు జలుబు చేసింది" అంటడు. శానాసార్లు మూడో ఆయన మాటనే నిజం.

గసొంటి ఫ్యాక్టరీల ఒకరోజు నోటీసు బోర్డు మీద కాయితం అంటించిన్రు. వర్క్స్ కమిటీ పెడ్తున్నరట! ఇది సాబ్ దయ కాదు బిడ్డా, చట్టం. 1947ల పారిశ్రామిక వివాదాల చట్టం వచ్చింది, ఏప్రిల్ 1 నుంచి అమలు. మన హైదరాబాద్‌కైతె ఇండియాల కలిసినంకనే వచ్చింది. దాని మూడో సెక్షన్ల ఉండె: వంద మంది, అంతకంటె ఎక్కువ పనోళ్లు ఉన్నకాడ వర్క్స్ కమిటీ పెట్టమని సర్కారు యజమానికి హుకుం ఇయ్యొచ్చు. యజమాని తరఫునోళ్లు ఎంతమందో పనోళ్ల తరఫున అంతకు తక్కువ ఉండొద్దు. ఇగ దాని కింది రూల్సులల్ల: మొత్తం ఇరవై మందిని దాటొద్దు. చైర్మన్‌ను యజమాని పెడ్తడు, వైస్ చైర్మన్‌ను మనోళ్లు ఎన్నుకుంటరు. మూడు నెలలకొక్కసారన్న కూసోవాలె. ఏం పని చెయ్యాలె? యజమానికి, పనోళ్లకు నడుమ సఖ్యత పెంచాలె, ఇద్దరికీ సంబంధమున్న సంగతుల మీద అభిప్రాయం చెప్పాలె, భేదాలొస్తె సర్దుబాటుకు చూడాలె. గా మాటలు మళ్లొకసారి మనసుల అనుకో: అభిప్రాయం చెప్పాలె, చూడాలె. "తీర్మానం చెయ్యాలె" అని ఎక్కడ లేదు. గప్పుడు మేము దాన్ని చూసుకోలే. మేం చూసింది కుర్చీని.

నవ్వకు. మొదటి మీటింగ్ నాడు మా మిషన్ షాపు నుంచి ఎన్నికైనాయన ఇస్త్రీ అంగీ తొడుక్కొని వచ్చిండు. ఇంట్ల దసరాకు తప్ప తియ్యని అంగీ అది. పెద్దసాబ్ ఎదురుంగ కుర్చీ. ముంగట పింగాణి కప్పుల చాయ్, పక్కన రెండు ఉస్మానియా బిస్కిట్లు. మీటింగ్ అయ్యి బయటికి రాంగనే మేమందరం చుట్టూ చేరి "ఏమైంది, ఏమన్నడు?" అంటె, "అగో, కుర్చీల మెత్త ఉన్నదిరా" అన్నడు. మేం పంపిన ముచ్చట ఓవర్‌టైం లెక్కది. అది అడుగుడు యాదికే లేదు ఆయనకు. ఊరంత కలిసి రాయబారం పంపితె, రాయబారి విందు తిని వచ్చిండన్నట్టు.

అయినా నేను ఆ కమిటీని తక్కువ చెయ్య. దాంతోని అయిన పనులు అయినయి. మంచినీళ్ల కుండలు పోయి నల్లాలు వచ్చినయి. సైకిల్ స్టాండ్‌కు రేకులు పడ్డయి, ఎండకు సీట్లు పగులుడు బందయ్యింది. బోనాల తెల్లారి సెలవిచ్చి దాని బదులు ఇంకో ఆదివారం పని చేసుకునుడు కమిటీలనే కుదిరింది. క్యాంటీన్ల ఉప్మా మీదనైతె ఎన్ని మీటింగులు నడిచినయో! ఒకసారి అండ్ల ఉప్పు ఎక్కువైందని, ఇంకోసారి తక్కువైందని. ఒక మెంబరైతె ఉప్మా డబ్బల కట్టుకొచ్చి మేనేజర్ ముంగట పెట్టిండు, "తినున్రి సాబ్" అని. సాబ్ ఒక్క చెంచ తిన్నడు. వచ్చే నెల నుంచి పూరీ పెట్టిన్రు. ఆ పూరీల ముచ్చట ఇంకో పెద్ద కథ, నూనె ఎవరు సప్లై చేసేదో... సరే, అది వద్దు. మనం ఏడున్నం? కమిటీ.

పనోళ్లు జీతం మాట ఎత్తినరనుకో, సాబ్ నిమ్మళంగ "ఇది ఈ కమిటీ పరిధిల లేదు" అనేది. బోనస్? పరిధిల లేదు. పని బరువు? పరిధిల లేదు. రిట్రెంచ్‌మెంట్? అసలే లేదు. సాబ్ అబద్ధం చెప్పలే బిడ్డా. 1959ల ఢిల్లీ పెద్దలు, సర్కారు, యజమానులు, యూనియన్లు కలిసి రెండు పట్టీలు రాసుకున్నరు. కమిటీ మాట్లాడే పట్టీల గాలి, వెలుతురు, మంచినీళ్లు, క్యాంటీన్, పండుగ సెలవులు, ఆటపాటలు. మాట్లాడొద్దన్న పట్టీల జీతాలు, బోనస్, పని బరువు, మనుషులను తీసేసుడు, పీఎఫ్, గ్రాట్యుటీ. పనోని కడుపుకు సంబంధించింది ఆ పట్టీల, ఒంటికి సంబంధించింది ఈ పట్టీల. యూనియన్లే గిట్ల ఎందుకు ఒప్పుకున్నరు అంటవా? తెలివితోనే ఒప్పుకున్నరు. జీతాల మాట గూడ కమిటీల తేలితె ఇగ యూనియన్‌ను ఎవడడుగుతడు? వాళ్ల భయం ఉత్తది కాదు. దానికి పాత గాయం ఉన్నది.

గా గాయం మద్రాసుది. మద్రాసు అప్పుడు ఆంధ్రోళ్లకు గూడ రాజధానే. బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల పనోళ్లతోని 1918 ఏప్రిల్‌ల మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది, బి.పి. వాడియా దానికి అధ్యక్షుడు. కంపెనీ ఆయన మీద హైకోర్టుకు పోయింది. యూనియన్‌ను కాపాడే చట్టం అప్పుడు లేకుండె, కోర్టు కంపెనీ దిక్కే మొగ్గింది. 1921ల పెద్ద సమ్మె. నెలల తరబడి నడిచి ఓడిపోయింది, యూనియన్ నడుము విరిగింది. ఇగ మరుసటి ఏడు 1922ల అవే మిల్లులల్ల కంపెనీ ఏం పెట్టిందో చెప్పు? కమిటీ! మీ కష్టసుఖాలు మాతోని చెప్పుకోన్రి అని. చెప్పుకునేటందుకు సొంత సంఘం పెట్టుకుంటె కోర్టు, కంపెనీ పెట్టిన కమిటీకొస్తె స్వాగతం. యూనియన్లోళ్ల మనసుల ఆ ముల్లు అట్లనే ఉండిపోయింది.

వాడియా ముచ్చట ఊరికే పోలే. 1926ల ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. ఏడుగురు కలిసి దరఖాస్తు పెడితె యూనియన్ రిజిస్టర్ అయ్యేది. అంతవరకు బాగనే ఉన్నది. గని రిజిస్టరైన యూనియన్‌తోని యజమాని మాట్లాడాలె అని అండ్ల ఒక్క అక్షరం లేకుండె. తర్వాత విట్లే అని ఇంగ్లండ్ దొర, అక్కడి పార్లమెంటుల స్పీకర్ చేసినాయన, రాయల్ కమిషన్ తోని వచ్చి దేశమంత తిరిగి 1931ల రిపోర్టు ఇచ్చిండు. ఫ్యాక్టరీలల్ల కమిటీలు పెట్టున్రి అని అండ్ల ఉన్నది. ఇంగ్లండ్ల అసొంటి కౌన్సిళ్లకు ఆయన పేరే పెట్టుకున్నరు.

ఇప్పుడు అసలు ముచ్చట విను, ఫోన్ పక్కకు పెట్టు. 1947ల ఢిల్లీల రెండు పనులైనయి. ఒకటి నేను చెప్పిన వర్క్స్ కమిటీ చట్టం. రెండోది ట్రేడ్ యూనియన్ల చట్టానికి సవరణ: పనోళ్ల తరఫున నిలబడే యూనియన్‌ను యజమాని గుర్తించి తీరాలె అని. రెండూ ఒక్క ఏడే పుట్టినయి, కవల పిల్లలన్నట్టు. ఒకదాన్ని బడిల చేర్చిన్రు, రెండోదాని పేరు రిజిస్టర్ల ఎక్కియ్యనే లేదు. సవరణ పాసయ్యింది గని, ఫలానా తారీకు నుంచి అమలు అని సర్కారు నోటిఫికేషన్ ఎన్నడూ ఇయ్యలే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటరు, గది గిదే. ఇగ చూడు తమాషా! "మీ మాట వింట" అనే చట్టం నడిచింది. "మీతోని ఒప్పందం చేసుకుంట" అనే చట్టం పెట్టెల పండుకున్నది. ఏండ్ల తరబడి మన ఫ్యాక్టరీలల్ల నడిచిన లొల్లి అంత ఈ ఒక్కదానికెళ్లే.

మన తెలుగాయన వి.వి. గిరికి ఈ సంగతి బాగ తెలుసు. రైల్వే కార్మికులల్ల తిరిగి పెద్దగైన మనిషి, తర్వాత రాష్ట్రపతి గూడ అయిండు. యజమాని, యూనియన్ ఎదురెదురు కూసొని తేల్చుకోవాలె, ఊకె కోర్టులు, ట్రిబ్యునళ్లు అంటె రెండు దిక్కులా సోమరులైతరు అని ఆయన వాదం. కేంద్రంల కార్మిక మంత్రిగ ఉండి, బ్యాంకు ఉద్యోగుల అవార్డును సర్కారు మార్చిందని 1954ల కుర్చీ ఇడిచిపెట్టిండు. మా మిషన్ షాపు ఆయనకు కుర్చీ దొరికితె మాట మర్చిపోయిండు, గిరి మాటకోసం కుర్చీనే మర్చిపోయిండు.

చట్టం లేకపోతె మరి గుర్తింపు ఎట్ల? మాట మీద. 1958ల నైనితాల్‌ల అందరు కూసొని క్రమశిక్షణ నియమావళి అని రాసుకున్నరు. కోడ్ ఆఫ్ డిసిప్లిన్ అంటరు. రిజిస్టరై ఏడాది గడవాలె, ఫ్యాక్టరీల నూటికి పదిహేను మంది మెంబర్లు ఉండాలె, ఎక్కువ యూనియన్లుంటె అందరికంటె పెద్దదానికి గుర్తింపు, రెండేండ్ల దాక దాన్ని కదపొద్దు. ఇదంత నీతి, చట్టం కాదు. ఒప్పుకున్న యజమాని ఒప్పుకున్నడు, ఒప్పుకోనోని మీద ఏ కోర్టుకూ పోయేటట్టు లేకుండె.

మా ఫ్యాక్టరీల రెండు యూనియన్లు. "మాకే ఎక్కువమంది" అని ఇద్దరూ అంటరు. ఎవరికి ఎక్కువో తేల్చాల్నంటె లేబర్ ఆఫీసోళ్లు వచ్చి చందా రిజిస్టర్లు చూస్తరు. వెరిఫికేషన్ అంటరు. ఆ దినాలల్ల రిజిస్టర్లు లావైనట్టు మనుషులు లావైతె మన దేశంల కరువే లేకుండె! ఒకాయన పేరు రెండు రిజిస్టర్లల్ల ఉన్నది, ఆఫీసర్ పిలిచి "నువ్వు ఏ యూనియన్ బాబూ?" అంటె, "సార్, పావలా పావలా రెండు దిక్కుల కట్టిన, ఏది గెలిస్తె అది నాది" అన్నడు. ఆయనను అందరు తిట్టిన్రు గని, ఇంటికి పోయినంక అందరు ఆయన తెలివికి మెచ్చుకున్నరు.

రెండు యూనియన్లు కొట్లాడుకుంటె ఎవరికి లాభం? పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటరు. సాబ్‌కు ఏ యూనియన్‌నూ గుర్తించే పనే పడలే. "మీరిద్దరు తేల్చుకొని రాన్రి. అందాక నాకు వర్క్స్ కమిటీ ఉన్నది గద, చట్టం పెట్టిన కమిటీ, పనోళ్లు ఎన్నుకున్న కమిటీ. నేను వాళ్లతోనే మాట్లాడుత" అన్నడు. ఒక యూనియన్ ఉడుకుమోత్తనానికి కమిటీ ఎన్నికలనే బహిష్కరించింది. రెండోది సంబురంగ సీట్లన్నీ తీసుకున్నది. గుర్తింపు రాలే గని, గుర్తింపు వచ్చినట్టే తిరిగిండ్రు వాళ్లు. బిడ్డా, కమిటీ చట్టం యూనియన్‌ను చంపాల్నని పుట్టలే. యూనియన్‌ను సంప్రదించినంకనే పనోళ్ల ప్రతినిధులను తీసుకోవాలె అని అదే సెక్షన్ల ఉండె. గని గుర్తింపు చట్టం లేని కాడ, మాట్లాడకుండ తప్పించుకునే యజమానికి అది మంచి గొడుగయ్యింది.

మా సాబ్ ఒకనాడు గొడుగు కింద ఇంకో పని చెయ్యబోయిండు. ఒక మిషన్ మీద ఇద్దరు చేసే పని ఒక్కడు చెయ్యాల్నని ప్లాను. వర్క్స్ కమిటీల పెట్టిన్రు. చాయ్ వచ్చింది, బిస్కిట్లు వచ్చినయి, మనోళ్ల తలలు ఊగినయి, మినిట్స్ బుక్కుల ఇంగ్లీషుల ఎక్కింది. తెల్లారి నోటీసు బోర్డు మీద "కమిటీ అంగీకారంతో" అని పడ్డది. షాపంత లొల్లి! ఇగ అప్పుడు మా యూనియన్ ఆఫీసుల ఒక ముసలి గుమస్తా, దినమంత బీడీ తాగుకుంట పాత కోర్టు పుస్తకాలు చదివేటాయన, నిమ్మళంగ లేచి ఒక తీర్పు తెచ్చిండు.

ఆ తీర్పు 1960ది, సుప్రీంకోర్టుది. బెంగాల్‌ల నార్త్‌బ్రూక్ జూట్ కంపెనీ. అక్కడ గూడ గిట్లనే, పని బరువు పెంచే పథకం. వర్క్స్ కమిటీల ఉన్న పనోళ్ల ప్రతినిధులు ఒప్పుకున్నరు, మిల్లు పనోళ్లు ఒప్పుకోలే. కమిటీ ఒప్పుకుంటె పనోళ్లందరు ఒప్పుకున్నట్టేనా అని తగాదా. కాదు అన్నది కోర్టు. రోజువారి పనిల వచ్చే చిన్న చిన్న రాపిడులు తగ్గించుటానికే కమిటీ, నౌకరి షరతులను మార్చే పెద్ద సంగతుల మీద దాని ఒప్పుకోలు పనోళ్లను గని, యూనియన్‌ను గని కట్టెయ్యదు అన్నది. గుమస్తా ఆ కాయితం చదివినంక రెండు యూనియన్లు మొదటిసారి ఒక్క గేటు మీటింగ్ పెట్టుకున్నయి. సాబ్ ప్లాను అటకెక్కింది. తలలు ఊపిన మెంబర్లు మాత్రం చాన్నాళ్లు ఎవరి కంట పడకుండ వెనక గేటు నుంచి వచ్చేటోళ్లు. బిస్కిట్ల రుచి గట్లుంటది మరి.

నీకు ఒక అనుమానం వచ్చి ఉండాలె, రాకపోతె నేనే తెప్పిస్త. పనోళ్లు ఎవరిని నమ్ముతున్నరో తెలుసుకునే సక్కటి తొవ్వ లేదా? రిజిస్టర్లు చూసుడెందుకు, ఓటే పెట్టొచ్చు గద? పెట్టొచ్చు. అది చూడాల్నంటె నువ్వు సింగరేణి బొగ్గుబాయిలకు పోవాలె. మా బామ్మర్ది బెల్లంపల్లి దిక్కు బాయిల పనిచేసిండు. తట్ట, చెమ్మస్ పట్టిన చేతులు ఆయనయి, కరచాలనం చేస్తె మన చెయ్యి మనకు తిరిగి రావాలె.

సింగరేణిల 1990ల దాక ఎన్ని యూనియన్లో లెక్కలేదు. ఎవరికి వారే యమునా తీరే. ఒక యూనియన్ ఒప్పుకుంటె ఇంకొకటి సమ్మె. ఏడాదికి వందల్ల సమ్మెలు. బాయి మీద ఒకని మస్టర్ పడలేదని ఒక సమ్మె, ఒకని గుడిసె కూలిందని ఒక సమ్మె. కంపెనీ నష్టాలల్ల మునిగి, దివాలా అంచుకొచ్చిన కంపెనీలను చూసే బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. గప్పుడు, 1998ల, గా నియమావళి కిందనే గుర్తింపు సంఘానికి రహస్య ఓటు పెట్టిన్రు. ఎలక్షన్ జరిపింది కేంద్ర కార్మిక శాఖ. మొదటిసారి ఏఐటీయూసీ గెలిచింది. కంపెనీ మొత్తం మీద గెలిచినోళ్లు గుర్తింపు సంఘం, ఒక్కొక్క ఏరియాల గెలిచినోళ్లు ప్రాతినిధ్య సంఘం. గుర్తింపు సంఘంతోని యాజమాన్యం కూసునే మీటింగ్‌కు స్ట్రక్చర్ మీటింగ్ అని పేరు. అండ్ల ఒప్పుకుంటె దస్తఖత్ పడ్తది.

ఆ ఎలక్షన్ల సంబురం ఏం చెప్పాలె! బాయి గేటు కాడ జెండాలు, పాటలు, డప్పులు. మా బామ్మర్ది ఇంటికి అన్ని యూనియన్లోళ్లు వచ్చి దండం పెట్టి పోయిన్రు. "మా పెండ్లిల గూడ గిన్ని దండాలు పెట్టలే" అన్నది మా చెల్లె. ఓడిపోయినోళ్లు అలిగిన్రు, మళ్ల మూటముల్లె సర్దుకొని వచ్చే ఎలక్షన్‌కు తయారైన్రు. తర్వాత ఐఎన్‌టీయూసీ గెలిచింది, తెలంగాణ ఉద్యమం పొంగినప్పుడు 2012ల టీబీజీకేఎస్ గెలిచింది, 2017ల మళ్ల వాళ్లే. 2023 డిసెంబర్ 27న మళ్ల ఏఐటీయూసీ కంపెనీ మీద గెలిచింది, ఏరియాలైతె ఐఎన్‌టీయూసీకి ఎక్కువ వచ్చినయి. ఓటేసినోడు తెలివిగల్లోడు, తాళంచెవి ఒకరికిచ్చి తాళం ఒకరికిచ్చిండు. సమ్మెలైతె తగ్గినయి. అన్నీ ఓటు తోనే తగ్గినయని నేననను, ఇంక శానా కారణాలున్నయి. గని ఎవరితోని మాట్లాడాల్నో యాజమాన్యానికి తెలిసింది, ఎవరిని నిలదియ్యాల్నో పనోనికి తెలిసింది. సేఫ్టీ కమిటీ, క్యాంటీన్ కమిటీల మాటకు గూడ అప్పుడే బరువొచ్చింది, ఎందుకంటె ఎనక నిలబడ్డది ఓట్లు గెలిచిన సంఘం.

మన దగ్గరనే గిట్ల అనుకోకు. అమెరికాల కొలరాడో బొగ్గుబాయిలల్ల 1914ల లుడ్లోకాడ సమ్మె మీద కాల్పులైనయి. అక్కడి పెద్ద బొగ్గు కంపెనీ రాక్‌ఫెల్లర్లనే కోటీశ్వరులది. మరుసటేడు వాళ్లు యూనియన్‌ను వద్దని, దాని బదులు పనోళ్ల ప్రతినిధుల పథకం పెట్టిన్రు. గసొంటివి దేశమంత పెరిగినయి. ఆఖరికి 1935 చట్టంల యజమాని చెప్పుచేతల్ల నడిచే సంఘాలే కుదరయని రాసిన్రు. జర్మనీల ఇంకో తీరు: పనోళ్ల కౌన్సిల్‌కు 1920లనే చట్టం వచ్చింది, ఇప్పుడు దానికి కొన్ని సంగతులల్ల యజమానిని ఆపే హక్కే ఉన్నది, గని జీతాల బేరం మాత్రం యూనియన్‌దే, సమ్మె గూడ యూనియన్‌దే. ఎవరి గట్టు వాళ్లది. ఇంగ్లండ్ల యూనియన్ గుర్తింపుకు 2000ల చట్టం అమలైంది, ఉద్యోగులకు సమాచారమిచ్చి సంప్రదించాలె అన్న నిబంధనలు 2005 నుంచి. ఫోరం ఉన్నది గద, ఇంక యూనియన్ ఎందుకంటరేమో అని అక్కడి యూనియన్లకు గదే గుబులు. సముద్రాలు దాటినా సాబ్‌లు సాబ్‌లే.

మన దగ్గర ఆ పెట్టెల పండుకున్న పిల్ల ఏమైందో చెప్పలే గద. 2020ల పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది, 2025 నవంబర్ 21 నుంచి అమలంటున్నరు. అండ్ల ఒక్కటే యూనియన్ ఉంటె దాన్నే బేరమాడే యూనియన్‌గ గుర్తించాలె. ఎక్కువ ఉంటె మస్టర్ రోల్ మీద నూటికి 51 మంది ఎవరెనక ఉంటె వాళ్లకు గుర్తింపు. ఎవరికీ 51 రాకపోతె నూటికి ఇరవై మంది ఉన్న యూనియన్లన్నీ కలిపి ఒక కౌన్సిల్. ఇది కేంద్ర చట్టంల ఎక్కుటానికి 1947 నుంచి 73 ఏండ్లు పట్టింది. అదే కోడ్‌ల సమ్మెకు పోవాల్నంటె ముందుగాల నోటీసు, పద్నాలుగు రోజులు ఆగుడు, ఇంకా శానా కట్టుబాట్లున్నయి. ఒక చేత్తోని ఇచ్చి ఇంకో చేత్తోని పట్టుకున్నరు అనేటోళ్లు ఉన్నరు. వర్క్స్ కమిటీ మాత్రం కోడ్‌ల గూడ మూడో సెక్షనే, మాటలు గూడ గవ్వే పాత మాటలు. ఇరవై మంది ఉన్నకాడ ఫిర్యాదుల కమిటీ గూడ ఉండాలె. నువ్వు ఆ చట్టంల "వర్కర్" కిందికి వస్తవో రావో, అది మళ్ల పెద్ద తగాదా, మీ ఐటీ పిల్లలు దాన్ని గూడ టౌన్ హాల్‌ల అడగాలె.

ఇగ పోతవా? ఒక్క నిమిషం. మీ సార్లు అడిగితె సిగ్గుపడకుండ చెప్పు. కుర్చీ ఇస్తె కూసో, చాయ్ ఇస్తె తాగు, అండ్ల తప్పు లేదు. గని మూడు సంగతులు కనుక్కొని పో. నిన్ను అక్కడ కూసోబెట్టింది మీ దోస్తులా, సార్లా? నువ్వు వద్దంటె ఆగుతదా, నువ్వు వద్దన్నట్టు రాసుకుంటరా? ఒప్పుకున్న మాట మీద దస్తఖత్ ఉంటదా, మినిట్స్ బుక్కే ఉంటదా? ఈ మూడింటికి జవాబు బాగ లేకపోతె, నీ ఎనకాల నిలబడే నలుగురిని కూడేసుకున్నంకనే ఆ కుర్చీల కూసో. అడగనిదే అమ్మైనా పెట్టదంటరు. గని అడిగినంక పెట్టకపోతె ఏం చెయ్యాల్నో గూడ ముందే అనుకొని పోవాలె బిడ్డా.